ఆపా చూసిన వెనకవైపు

ఆపా పోయిందని బోధన్ నుంచి కబురు వచ్చేసరికి నేను మైనం కరిగిస్తున్నాను. పొయ్యి ఆర్పి కూర్చుండిపోతే అది గంజులోనే గడ్డకట్టింది. తిడుతుంది అనుకున్నాను. తిట్టే మనిషి ఇక లేదని అప్పుడు తెలిసింది.

ఆపా వాళ్లది బోధన్‌లో తాతలనాటి నుంచి చీరలకు రంగులేసే ఇల్లు. ఆమె మాత్రం ఊరు దాటి వెళ్లి బాటిక్ నేర్చుకొచ్చింది. బట్ట మీద మైనంతో బొమ్మ గీసి రంగులో ముంచితే, మైనం ఉన్నచోట రంగు ఎక్కదు. పక్కింట్లో, మెట్రిక్ తప్పి ఊరికే కూర్చున్న నన్ను పనికి పిలిచింది. వాళ్లింట్లో అక్కను ఆపా అంటారు, నేనూ అలాగే పిలిచేదాన్ని. గీతల ధ్యాసలో కుంచెను చాయ్‌లో ముంచేది, ఆ కోపం నా మీద చూపేది. మైనం అవతలికి దిగిందా లేదా అని గీసిన ప్రతిసారీ బట్ట తిప్పేది.

"ఎనుక సూడు బేటా. ముందట అందరు సూస్తరు."

నిజామాబాద్‌లో మొదటి ఎగ్జిబిషన్ కుదిరింది. అది దెబ్బతింటే మళ్లీ చీరల పనిలోకి రావాలని వాళ్లన్న ఖరారు చేశాడు. మూడు నెలలు ఒకటే బట్ట, ఫ్యాక్టరీకి పోయే చెరుకు బండ్ల వరుస. పసుపుపచ్చ రంగు నన్ను వేయమని ఆపా చుట్టాల పెళ్లికి వెళ్లింది. డబ్బాలో రంగు చాల్లేదు. మేం పసుపు పండించేవాళ్లం, మాకు పసుపుకు కరువా? ఆపాకు చెప్పకుండా పసుపు నీళ్లలో ముంచేశాను.

ఆమె వచ్చి దానిమీద మైనం పూసి ముదురు రంగు వేసింది. రెండు రోజుల్లో ఎగ్జిబిషన్ అనగా మైనం వదలడానికి బట్టను సోడా నీళ్లలో ఉడికించింది. బండ్లన్నీ ఎర్రబడ్డాయి. పసుపులో సున్నం కలిపి పారాణి చేసే ఇంట్లో పుట్టి, సోడాకూ పసుపు ఎర్రబడుతుందన్న ఆలోచన రాలేదు నాకు.

"ఇంట్ల పసుపు ఏసినవా?"

తలూపాను.

"నీ పసుపు పప్పుల ఏసుకోపో. మూడు నెల్ల పని గంగల కలిపినవు."

నేను ఏడుస్తూనే ఉన్నాను.

"ఏడ్సుడు బంద్ జెయ్. పోయి నిమ్మకాయలు తే."

నిమ్మరసం నీళ్లలో ముంచితే ఎరుపు విరిగి పసుపు తిరిగొచ్చింది. "గీ రంగు నిలువది. ఎండ తగిల్తే పోతది. గని ఇయ్యాల్టికి మనది," అంది.

ఎగ్జిబిషన్‌లో జనం ఆ బండ్ల ముందే ఆగారు. ఎవరో రంగు గురించి అడిగితే ఆపా నన్ను ముందుకు నెట్టింది. "పసుపు గీ పిల్ల ఏసింది. వాళ్ల చేన్లదే." నిమ్మకాయల మాట ఎత్తలేదు. మర్నాడు వాళ్లన్నే స్వయంగా ఆమెకు మైనం గడ్డలు తెచ్చిచ్చాడు. ఆ బట్ట మాత్రం నాకే ఇచ్చేసింది, "నీ తప్పు నీ ఇంట్లనే ఉండనీ" అంటూ.

ఆనాడు ఆమె నన్ను వెళ్లగొట్టలేదు కాబట్టే ఈ పని నా చేతిలో ఉంది. ఆ మాట ఆమెతో ఒక్కసారీ అనలేదు. అంటే "పని సూడు" అనేది.

నిజామాబాద్ కంఠేశ్వర్‌లో మా ముందుగదిలో, కిటికీకి ఎదురుగా ఆ బట్ట ఇన్నేళ్లుగా వేలాడుతోంది. ఆమె చెప్పినట్టే బండ్లు వెలిసి తెల్లబడ్డాయి. బోధన్ వెళ్లి ఆమెను కడసారి చూసి వచ్చిన మర్నాడు దాన్ని కిందికి దించాను. అలవాటు కొద్దీ తిప్పాను. గోడవైపు బండ్లన్నీ ఇంకా పసుపుపచ్చగానే ఉన్నాయి.