మెట్ల తలుపుకు బయటి గడియ

మొయినాబాద్‌లో మా హాస్టల్ తెరవడానికి ముందు చేవెళ్లలోని ఒక తలుపుల దుకాణం చుట్టూ ఏడెనిమిదిసార్లు తిరిగాను. మాది తెనాలి వైపు. మా ఆయన సాఫ్ట్‌వేర్ ఉద్యోగంతో ఇక్కడికి వచ్చి పాతికేళ్లు దాటింది. పిల్లలు పెద్దవాళ్లయ్యాక, చుట్టూ ఇన్ని ఇంజనీరింగ్ కాలేజీలున్నాయి కదా అని మా స్థలంలో ఆడపిల్లల హాస్టల్ కట్టాం. కింద వంటిల్లు, భోజనాల గది. పైన రెండంతస్తుల్లో అరవైమంది అమ్మాయిలు. ముందొక మెట్లదారి, వెనకొక మెట్లదారి. ప్రతి అంతస్తులోనూ ఆ రెండు దారులకీ నిప్పును ఆపే తలుపులుండాలని, లేకపోతే అనుమతి రాదని మా ఇంజనీరు చెప్పాడు.

దుకాణం పెద్దాయన వాళ్ల నాన్న కాలంలో అది కలప అడితి. ఇప్పుడు కలప తక్కువ, ఇనుప తలుపులు, అద్దాలు ఎక్కువ. ఆయన చూపించిన తలుపు మధ్యలో, మొహం ఎత్తున, నిలువుగా ఒక అద్దం బిగించి ఉంది. ఖర్చంతా ఆ అద్దంలోనే ఉందని నాకు అర్థమైంది.

"ఇది లేకుండా ఉత్త రేకు తలుపు చాలదా అన్నా?" అని అడిగాను.

"చాలుతదమ్మ. కానీ అవతల ఏమున్నదో ఎట్ల కనపడ్తది? పొగ ఉన్నదా, మనిషి ఉన్నడా? చూడకుంట తెరిస్తే మంట మీదికే తెరిచినట్లు."

"పోనీ మామూలు టఫెండ్ అద్దం పెట్టండి. చూడ్డానికి రెండూ ఒకటే కదా."

ఆయన లోపలికి వెళ్లి రెండు ముక్కలు తెచ్చి బల్లమీద పెట్టాడు. నిజంగానే తేడా తెలియలేదు. ఒకదాని మూలన మాత్రం గోటితో తడిమితే తగిలేంత చిన్న ముద్ర ఉంది.

"గిది వేడికి పగిలి రాలుతది. గీ ముద్ర ఉన్నది లోపల పొర పొంగి తెల్లగయితది, కానీ నిలవడ్తది. ఇంకోటి చెప్త ఇనుండ్రి. తలుపు, చౌకట్టు, అద్దం, బందులు, అన్ని కలిపి మంటల పెట్టి పరీక్ష జేసినంకనే తలుపు అంచుకు ఈ రేకు బిళ్ల అతికిస్తరు. తర్వాత మీరు ఒక్క రంధ్రం కొట్టినా ఈ బిళ్లకు ఇలువ లేదు."

ముద్ర ఉన్న అద్దమే తీసుకున్నాను. తలుపులకు లోపలి వైపు నడుము ఎత్తున అడ్డంగా ఒక కమ్మీ ఉంటుంది. దాన్ని నెడితే తెరుచుకుంటుంది, వదిలేస్తే దానంతటదే మూసుకుంటుంది. లోపలినుంచి వేసే తాళమంటూ ఉండదు. ఫైర్ శాఖ అధికారులు వచ్చి ప్రతి తలుపూ నెట్టి చూసి, బిళ్లలు చదివి, సరేనన్నారు.

హాస్టల్ తెరిచిన మూడో నెలలో ఒకమ్మాయి సాయంత్రం వెనక మెట్లమీంచి దిగి, స్నేహితులతో సినిమాకు వెళ్లొచ్చింది. ఎలా తెలిసిందో వాళ్ల నాన్నకు తెలిసింది. ఆదివారం ఇంకో ముగ్గురు తండ్రుల్ని వెంటబెట్టుకుని వచ్చాడు. మనిషి కోపిష్టి కాదు, నెమ్మదిగానే మాట్లాడాడు.

"మీ మీద భరోస పెట్టి ఆడపిల్లలను ఇడ్సిపెట్టినం. వెనక దర్వాజకు తాళమే లేదంటే ఎట్ల మేడం?"

నిప్పు గురించి, నిబంధనల గురించి వివరంగా చెప్పాను. అంతా విన్నాడు.

"నిప్పు పదేండ్లకొక్కసారి వస్తదో రాదో. పిల్ల బయటికి పోవుడు రోజు ఉంటది."

నలుగురూ పిల్లల్ని తీసుకుపోతారేమోనన్న భయమే బుర్రలో తిరుగుతోంది.

వాళ్లు వెళ్లాక మా వార్డెన్ నా పక్కన కూర్చుంది. కొండకల్ మనిషి, నాకంటే పెద్దది, అక్కా అని పిలిచేదాన్ని. "పై తలుపులకు బయటి దిక్కు చిన్న గడియ పెట్టిస్తే అయిపాయె మేడం. కిందిదానికి పెడితే అందరికి కనపడ్తది. నేను రాత్రి పెట్టి పొద్దున తీస్త. నాకు గూడ ఫికర్ ఉండది."

సరేనన్నాను.

మర్నాడు వెల్డర్ వచ్చాడు. డ్రిల్లుతో రెండు వెనక తలుపులకూ రంధ్రాలు పెట్టాడు. ఇనుప రజను గచ్చుమీద రాలుతుంటే పక్కనే నిలబడి చూశాను. చేవెళ్ల పెద్దాయన మాట గుర్తురాలేదని చెప్పలేను. గుర్తొచ్చింది.

తర్వాత ఏడెనిమిది వారాలకు, ఆదివారం పొద్దున తొమ్మిది గంటలప్పుడు నేను వంటింట్లో ఉప్మా సంగతి చూస్తున్నాను. ముందు మెట్లకింద ఇన్వర్టర్ బ్యాటరీలుండేవి. అక్కడినుంచి బస్తా జారిపడ్డట్టు ఒక చప్పుడైంది. వెళ్లేసరికి మెట్ల మలుపు కనిపించడం లేదు. నల్లటి పొగ పైకి లేస్తోంది. వార్డెన్ కరెంటు మెయిన్ ఆపేసి, ఫైరింజనుకు ఫోన్ చేస్తోంది.

"అక్కా, వెనక గడియలు తీశావా?"

ఫోన్ చెవి దగ్గరే ఉంచి తల అడ్డంగా ఊపింది. "ఆదివారం గద మేడం. పిల్లలు పండుకున్నరని..."

ఆమె నడుముకున్న తాళాల గుత్తి లాక్కుని పెరట్లోకి పరుగెత్తాను. కింది తలుపు బయటినుంచి తాళంచెవితో తెరిస్తే వెనక మెట్లు మామూలుగా ఉన్నాయి. పొగ లేదు, వాసన కూడా లేదు. మొదటి అంతస్తు గడియ లాగగానే వచ్చింది. అమ్మాయిలు నన్ను తోసుకుంటూ దిగిపోయారు. ముందు తలుపు అద్దంలో పొగ చూసి, అటు పోకుండా ఇటు వచ్చి నిలబడ్డారట.

రెండో అంతస్తు తలుపు అద్దం నిండా మొహాలు. గడియ పట్టుకుని లాగాను. కదల్లేదు. రెండు చేతులతో లాగాను. చెప్పు తీసి కొట్టాను. అప్పుడర్థమైంది. లోపల అందరూ కమ్మీని ఒక్కసారిగా నెడుతున్నారు. ఆ బరువుకు గడియ బిగుసుకుపోయింది.

"వెనక్కి జరగండి" అని అరిచాను. వాళ్లూ అరుస్తున్నారు. ఆ తలుపులోంచి ఒకరి మాట ఒకరికి వినిపించదు. అరచేతులు చూపిస్తూ వెనక్కి అన్నట్టు ఊపాను. రావద్దంటున్నానని అనుకున్నారో ఏమో, ఇంకా గట్టిగా నెట్టారు. గడియ వైపు వేలు చూపించాను. లోపలివాళ్లకు గడియ ఎక్కడ కనిపిస్తుంది?

అందరిలోకి పొడుగ్గా ఉన్న ఒకమ్మాయి కళ్లలోకి చూశాను. ఆమె నన్నే చూస్తోందని రూఢి చేసుకుని, నేనే రెండడుగులు వెనక్కి వేశాను. వేసి, రెండు చేతులూ జోడించాను.

ఆ పిల్ల ఒక్క క్షణం అలాగే చూసింది. తర్వాత చేతులు రెండూ చాచి, వీపుతో మిగతావాళ్లను వెనక్కి నెట్టడం మొదలుపెట్టింది. అద్దంలో మొహాలు దూరమయ్యాయి. గడియ వేలితో లాగితేనే వచ్చేసింది.

పెరట్లో రెండుసార్లు లెక్కపెట్టుకున్నాం. అందరూ ఉన్నారు. రెండో అంతస్తులో ఒక పిల్ల నిద్రమత్తులో అద్దం చూడకుండా ముందు తలుపు తీసిందట. తలుపు వెంటనే మూసుకుంది కానీ, ఆ కాస్త పొగకే ఆమెకు ఆయాసం వచ్చింది. ఫైరింజను వచ్చేటప్పటికి నేను, వార్డెన్ ఆమెను కారులో చేవెళ్ల దవాఖానకు తీసుకెళ్లాం. ఆక్సిజన్ పెట్టారు. భయం లేదని డాక్టరు చెప్పాడు.

ఆ పిల్ల తల్లి చందనవెల్లిలో ఒక ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. డ్యూటీ కోటుతోనే వచ్చింది. కూతురి నుదురు తడిమి, వంగి ఆమె చెప్పేది చాలాసేపు విన్నది. తర్వాత మా వైపు తిరిగింది.

"వెనక తలుపు తెర్సుకోలేదంట గద. మా కంపెనీల గసొంటి తలుపులకు అడ్డంగ చెప్పులు గూడ ఇడువనియ్యరు. గడియ ఎవరు పెట్టిండ్రు?"

వార్డెన్ తల వంచుకుంది.

"నేనే పెట్టించాను" అన్నాను.

"ఎందుకు?"

"పిల్లలు బయటికి పోతున్నారని."

"పోతే పోతరు. మల్ల వస్తరు గద."

మంచం వైపు తిరిగి కూతురి కాళ్లమీద దుప్పటి సర్దింది.

సాయంత్రం హాస్టల్‌కు వచ్చి చూస్తే, మొదటి అంతస్తు ముందు తలుపు మెట్ల వైపు బొగ్గులా ఉంది. అద్దం పాలు పోసినట్టు తెల్లగా అయిపోయింది, ఒక్క ముక్క రాలలేదు. దానికి ఇవతల వరండాలో ఆరేసిన తువ్వాళ్లు అలాగే వేలాడుతున్నాయి. ఆ తువ్వాళ్లు చూశాక నాకు ఏడుపొచ్చింది.

విచారణకు వచ్చిన ఫైర్ అధికారికీ గడియ సంగతి నేనే చెప్పాను. ఆయన రాసుకుని, తలుపులు మార్చేదాకా హాస్టల్ మూసేయమన్నాడు. రంధ్రాలు పూడిస్తే సరిపోతుందేమోనని దుకాణం పెద్దాయన్ని అడిగాను. "పూడ్సుడు లేదమ్మ, తలుపే మార్చాలె" అన్నాడు. కాలిన ముందు తలుపుతో పాటు రెండు వెనక తలుపులూ కొత్తవి వచ్చాయి. బ్యాటరీలు పెరట్లో విడిగా కట్టిన గదిలోకి మారాయి. వెనక తలుపు తెరిస్తే వార్డెన్ గదిలో మోగేలా ఒక గంట పెట్టించాం. తల్లిదండ్రులందరినీ పిలిచి, జరిగింది ఉన్నదున్నట్టు చెప్పి, గడియ ఇక ఉండదన్నాను. వాళ్లలో పదకొండుమంది తమ పిల్లల్ని తీసుకుపోయారు.

ఆయాసం వచ్చిన పిల్ల కూడా మళ్లీ చేరలేదు. సామాను కోసం తల్లీకూతుళ్లు ఒక మధ్యాహ్నం వచ్చారు. పెట్టె సర్దుతుండగా తల్లి వరండా చివరికి నడిచి, కొత్త తలుపు కమ్మీని ఒక చేత్తో నెట్టింది. తలుపు తెరుచుకుంది. గంట మోగింది. వార్డెన్ రొప్పుతూ పైకి వచ్చింది.

"ఏం లేదక్క. చూసిన అంతే" అంది తల్లి. పెట్టె ఒక కొస తను పట్టుకుంది, రెండో కొస వార్డెన్ పట్టుకుంది. నేను పరుపు చుట్టి, వాళ్ల వెనకే ఆటో దాకా దిగాను.