మాణిక్యమ్మ ఏడుపు టీవీలో వచ్చిన రోజు

ఇబ్రహీంపట్నంలో ఎవరింట్లో చావు జరిగినా ముందు కబురు ఎల్లా వారి మాణిక్యమ్మకే వెళ్ళేది. ఏడవడం అందరికీ వచ్చు. మాట కట్టి ఏడవడం ఏ ఒక్కరికో గాని రాదు. పోయిన మనిషి తలాపున కూర్చుని ఆమె రాగం ఎత్తుకుందంటే, ఆ మనిషి పడ్డ కష్టం, పెట్టిన తిప్పలు అన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చేసేవి. పాడె కట్టే మొగవాళ్ళు సైతం తువ్వాలతో కళ్ళు అద్దుకునేవాళ్ళు. ఇందులో ఒక కట్టుబాటు కూడా ఉంది. శోకంలో అన్న మాటకు ఎవరూ కోపం తెచ్చుకోకూడదు, తర్వాత దాన్ని ఎత్తకూడదు. "నీ కోడలు నీకు బువ్వ పెట్టకపాయె అత్తా" అని మాణిక్యమ్మ రాగం తీస్తే ఆ కోడలు పక్కన కూర్చుని ఏడవాల్సిందే తప్ప, మర్నాడు వచ్చి నిలదీయడానికి లేదు. అందుకే కొందరు కోడళ్ళు ఆమెను ముందునుంచే మంచి చేసుకునేవాళ్ళు.

అలాంటి మనిషి సొంత మొగుడు పోయిన రోజు నోరు విప్పలేదు. శివయ్య పీనుగ పక్కన గోడకు ఆనుకుని, కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది. ఊరందరి చావుకూ మాటలున్నాయి గాని కట్టుకున్నవాడి చావుకు లేవా అని ఆడవాళ్ళు చెవులు కొరుక్కున్నారు. మాటలు లేక కాదు. నోరు తెరిస్తే ఒకే ఒక్క సంగతి బయటపడుతుందని ఆమె భయం.

ఆ సంగతి ఇది. సాగర్ రోడ్డు పక్కన వెంచర్ల రంగు జెండాలు అప్పుడప్పుడే లేస్తున్న రోజులు. శివయ్య తమ్ముడు కొండల్ తన వాటా చెలక భూమి అమ్మి తెల్ల కారు కొన్నాడు. కారు ఇంటికొచ్చిన మర్నాడు పొద్దున్నే శివయ్యకు గుండెలో నొప్పి లేచింది. మాణిక్యమ్మ అతన్ని అరుగు మీద పడుకోబెట్టి, కారు తెమ్మని చెప్పడానికి కూతురు నందినిని కొండల్ ఇంటికి పరుగెత్తించింది. అప్పటికి ఆ పిల్ల మూడో తరగతి. కారు రాలేదు. శివయ్య బాట వైపే చూస్తూ ఉన్నాడు. ఎండ అరుగెక్కాక గాని కారు రాలేదు.

"స్టార్ట్ గాలే వదినె, మస్తు సతాయించింది," అంటూ కొండల్ దిగాడు. వెనక సీట్లోంచి నందిని దిగింది. మాణిక్యమ్మ కళ్ళు మాత్రం కారు మీదే ఉన్నాయి. ముందు భాగంలో తడి ఆరని పసుపు, కుంకుమ బొట్లు, బంతిపూల దండ. చక్రానికి అంటుకున్న నిమ్మతొక్క. రోగమున్న మనిషి ముందుగా ఎక్కితే కొత్త బండికి కీడని, కొండల్ మైసమ్మ గుడికి పోయి పూజ చేయించుకుని వచ్చాడని ఆమెకు అర్థమైంది. పట్నం దవాఖానకు పోతుంటే తుర్కయాంజాల్ దాటకముందే శివయ్య ప్రాణం పోయింది.

ఆమె ఎవరికీ చెప్పలేదు. దినవారాలు కాకముందే కొండల్ నందిని బరువు నెత్తికెత్తుకున్నాడు. బడి, బట్టలు, జ్వరమొస్తే దవాఖాన, పెద్దయ్యాక స్కూటీ, అన్నీ సొంత కొడుక్కన్నా ముందు ఆమెకే. నందిని అతన్ని చిన్నబాపు అనేది. రానురాను ఆ 'చిన్న' అరిగిపోయి బాపు మిగిలింది. ఇది ప్రేమా, చేసినదానికి కట్టే జరిమానానా అని మాణిక్యమ్మ చాలాసార్లు అనుకుంది. ఏదైతేనేం, పిల్లకు తండ్రి దొరికాడు. తను నోరు జారితే ఆ పిల్లకు రెండోసారి తండ్రి పోతాడు. ఆ భయంతోనే మాట మింగేసింది. మింగి అరిగించుకున్నానని కూడా అనుకుంది. మనుషులు తమ గురించి ఇలాంటివి చాలా అనుకుంటారు.

నందిని డిగ్రీలో చేరిన ఏడు, ఆదివారం సాయంత్రాలు టీవీలో ఒక సీరియల్ వచ్చేది. అందులో మంచివాళ్ళంటూ ఎవరూ ఉండరు. వారానికో ఇల్లు, ఆ ఇంట్లో నలుగురూ మెచ్చే ఒక మనిషి, ఎవరూ చూడట్లేదనుకుని ఆ మనిషి చేసే పాడుపని. మాణిక్యమ్మ ఒక్క వారం వదిలేది కాదు. "వీడు మనిషి పుటక పుట్టిండా," అని తెరను కడుపునిండా తిట్టి, ఆ తర్వాత తృప్తిగా లేచి అన్నం వండేది. పరాయివాళ్ళ పాపాలంత రుచి ఇంకెక్కడ ఉంటుంది.

ఆ సీరియల్ వాళ్ళే ఒకరోజు వ్యాన్లు వేసుకుని ఊళ్ళోకి వచ్చారు. పాత పెంకుటిల్లు కావాలి, చావు సీను తీయాలి. డైరెక్టరు హేమచంద్ర గుంటూరు నుంచి వచ్చి మీర్‌పేటలో స్థిరపడినవాడు. తెచ్చుకున్న నటికి ఏడుపు కుదరక విసిగిపోయి, ఇక్కడ బాగా ఏడ్చేవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని అడిగాడు. ఊరంతా ఒకటే పేరు చెప్పింది.

"పెద్దమ్మా, పోయినాయన మీ ఇంటాయనే అనుకోండి. తమ్ముడు సమయానికి ఆదుకోలేదు. అంతేనండి కథ. మాటలు మీ ఇష్టం," అన్నాడు.

తెల్లగుడ్డ కింద పడుకున్నవాడు శుభ్రంగా ఊపిరి తీస్తున్నాడు. బతికున్నవాడి మీద పడి ఏడవకూడదన్నది ఆమె నియమం. ఏడిస్తే నిజంగా పోయినవాడి కోసమే ఏడవాలి. అందుకని కళ్ళు మూసుకుని, శివయ్యను తెచ్చి ఆ గుడ్డ కింద పడుకోబెట్టుకుంది. తర్వాత ఏమన్నదో ఆమెకు తెలియదు. రాగంలో పడ్డాక మాట ఎప్పుడూ తన చేతిలో ఉండదు. ముగిసేసరికి లైట్లవాళ్ళు కళ్ళు తుడుచుకుంటున్నారు. హేమచంద్ర చేతులు జోడించాడు. ఎన్నో ఏళ్ళ తర్వాత ఒళ్ళు తేలికైనట్టనిపించి, మాణిక్యమ్మ ఇంటికొచ్చి చాయ్ పెట్టుకుంది.

ఆ ఏడుపు టీవీలో వచ్చే ఆదివారం కొండల్ ఇంట్లో వాకిలి దాకా జనం. వాళ్ళింట్లో పెద్ద టీవీ ఉంది. "మా వదినె టీవీల వస్తున్నది," అని అతనే అందరికీ మిర్చిబజ్జీలు తెప్పించాడు. నందిని అతని కుర్చీ చేతి మీద కూర్చుంది. అది చిన్నప్పటి అలవాటు.

తెర మీద మాణిక్యమ్మ వచ్చింది. ఇల్లంతా ఈలలు. అంతలో రాగం లేచింది.

"ఓ నా బిడ్డ బాపూ... అరుగు మీద పండుకోని బాట దిక్కు జూస్తివి... కొత్త కారుకు బొట్లు వెట్టినంక గాని నీ గుండెనొప్పి యాదికి రాకపాయె... చక్రాల కింద నిమ్మకాయలు నలిగినంక గాని నీ తోడబుట్టినోడు రాకపాయె... నువ్వు ముందెక్కితే కారుకు కీడైతుండెనా బాపూ..."

మాణిక్యమ్మ తెరకు దగ్గరగా జరిగింది. అది తన గొంతే, తన నోరే. ఆ మాటలు ఎప్పుడు బయటికి వచ్చాయో ఆమెకే తెలియదు. ఊళ్ళో ఆ తెల్ల కారును ఎరగనివాళ్ళు లేరు. బజ్జీ నోటిదాకా తెచ్చిన చేతులు అలాగే ఆగిపోయాయి. సబ్బుల ప్రకటన మొదలైనా ఎవరూ కదల్లేదు. శోకంలో మాట ఎత్తకూడదన్నది నిజమే. కానీ ఇది చావిల్లు కాదు, టీవీ. ఆ కట్టుబాటు ఇక్కడ చెల్లుతుందో లేదో పెద్దవాళ్ళకు కూడా తెలియదు.

అందరికన్నా ముందు కొండల్ తేరుకున్నాడు. "సీరియలోళ్ళు మస్తు రాసిచ్చిండ్రు గద వదినె," అన్నాడు. అది అడగడం కాదు, బతిమాలడం.

మాణిక్యమ్మ నందిని ముఖం వైపు చూసింది. "అవ్," అంది. "వాళ్ళు రాసిచ్చిందే. నేను చదివిన, గంతే."

ఇల్లంతా ఊపిరి పీల్చుకుంది. ఎవరో మళ్ళీ బజ్జీల పళ్ళెం అందుకున్నారు. కొండల్ నుదుటి చెమట తుడుచుకున్నాడు.

"వాళ్ళకెట్ల తెలుసమ్మా?" అంది నందిని.

ఎవరికీ అర్థం కాలేదు.

"నిమ్మకాయలు వెట్టింది నేను గద. చిన్నబాపు నాతోనే వెట్టిచ్చిండు. కారు స్టార్ట్ గాలే అని చెప్పుమన్నడు, గట్లనే చెప్పిన." ఎన్నో ఏళ్ళకు ఆమె నోట ఆ 'చిన్న' మళ్ళీ వచ్చింది. "బాపుకు గంత నొప్పి అని నాకు తెల్వదు. కొబ్బరిముక్క తినుకుంట వచ్చిన."

ఇన్నాళ్ళూ మాణిక్యమ్మ ఆ సంగతి తన ఒక్కదాని కడుపులోనే ఉందనుకుంది. కొండల్ చెయ్యి చాపాడు. నందిని ఆ చెయ్యి తగలకుండా కుర్చీ మీంచి లేచి, వెనక్కి జరిగి గోడకు ఆనుకుని కూర్చుంది. చున్నీ కొస నోట్లో కుక్కుకుంది.