సూది చెప్పిన వేగం

గిలకలదిండి హార్బరులో ఇమామ్ సాహెబ్ చెవి గురించి చెప్పుకోని పడవవాళ్లు లేరు. నడుస్తున్న ఇంజను పక్కన కాసేపు తల వాల్చి వింటే చాలు, జబ్బెక్కడుందో చెప్పేసేవాడు. ఆ చెవులు ఇంజన్ల హోరులోనే మెల్లగా పోయాయి. ఆ సంగతి భార్య హాజిరాకి తప్ప ఎవరికీ తెలియదు. తెలిస్తే ఆయన చేతికి ఇంజను అప్పగించేవాడుండడు. అందుకే ఎవరు మాట్లాడినా పెదవుల వంక చూస్తూ, అర్థం కానప్పుడు గుడ్డతో ఇంజను తుడుస్తూ నెట్టుకొచ్చాడు.

చివరికి కళ్లని నమ్ముకున్నాడు. ఇంజను ఎంత వేగంగా తిరుగుతోందో చూపే ఆర్‌పీఎం మీటరు ఒకటి, పాత పెట్రోలు కారులోంచి ఊడదీసింది, బందరులో దొరికింది. ప్లగ్గులకు కరెంటిచ్చే కాయిల్ని బట్టి లెక్కకట్టే మీటరది. డీజిలు ఇంజనుకు ప్లగ్గులూ లేవు, కాయిలూ లేదు. అందుకని దాని తీగను, ఇంజను బెల్టుతో తిప్పే డైనమోకి కలిపాడు. గుడివాడ నుంచి చేతి మీటరు అరువు తెచ్చి సరిచూసుకుంటూ, కారు మీటరు వెనకనున్న మర తిప్పి, తన షెడ్డులోని ఇంజనుకు కుదిర్చాడు. ఆ పూట హాజిరాతో నవ్వుతూ మాట్లాడాడు.

జనార్దనరావు గారి పడవకి ఇంజను మార్చారు. ఇమామ్ సాహెబ్ తన మీటరు తగిలించి స్టార్టు చేస్తే సూది కిందే ఉంది. వేగం పెంచాడు. ఇంకా కిందే. ఇంకా పెంచాడు. చుట్టూ ఉన్నవాళ్లు వెనక్కి జరగడం ఆయన చూడలేదు. జనార్దనరావు భుజం పట్టి లాగాక ఇంజను ఆపాడు.

"ఏంటి సాయిబు గారూ, ఇంజను అంత గోల పెడుతుంటే వినపడటం లేదా?"

ఆయన ఆ పెదవులు చదివి వెంటనే అందుకున్నాడు.

"వినపడక ఏమండీ. సముద్రంలో లాగుతుందో లేదోనని కావాలనే పెంచాను."

ఒంగి చూశాక తెలిసింది. ఈ డైనమోకి పెద్ద చక్రం ఉంది. అది నెమ్మదిగా తిరుగుతుంది, సూది తక్కువ చూపిస్తుంది. చక్రాలకు దారం చుట్టి కొలిచి, లెక్కవేసుకుని మర తిప్పాడు. ఈసారి సూది ఉండాల్సిన చోట నిలిచింది.

జనార్దనరావుకి మీటరు తెగ నచ్చింది. "ఇది పడవలోనే ఉంచెయ్యండి, పడవ నడిపేటప్పుడు మా సరంగు చూసుకుంటాడు. మీకెందుకండీ, మీ చెవే మీటరు కదా."

ఇవ్వనని చెప్పడానికి ఒక్కటే కారణం ఉంది. అదే చెప్పకూడనిది. సరేనని తలూపాడు.

పక్క పడవవాడు చెయ్యి ఊపి పిలిచాడు. అక్కడ ఇంజను నడుస్తూనే ఉంది. ఇమామ్ సాహెబ్ దాని మీద అరచెయ్యి ఆనించి తల వాల్చాడు. ఆయన వినడానికి అడ్డం కాకూడదని అందరూ మాటలు ఆపేశారు.