ఒంటిముక్క టోర్వాల్డ్

టోర్వాల్డ్ హెగ్నాకి ఈ భూమ్మీద పడని వస్తువు ఒకే ఒక్కటి: రెండు ముక్కలుగా విడిపోయే రైఫిల్.

ఎల్క్ ఫోర్డ్ ఊళ్ళో మగాళ్ళంతా, ఆడవాళ్ళలో సగంమంది, కింద మీట ఆడించి తూటా ఎక్కించే రైఫిళ్ళతోనే వేటకి పోతారు. వాటిలో కొన్ని ఒకే కట్టుగా ఉంటాయి. కొన్నిటికి మధ్యలో మర ఉంటుంది. ఒక తిప్పు తిప్పితే గొట్టం ఒక చేతికీ, వెనకభాగం ఇంకో చేతికీ వస్తాయి. జీను సంచిలో దూర్చుకుని గుర్రమెక్కి పోవచ్చు. రెండు రకాలతోనూ దుప్పులు పడుతూనే ఉన్నాయి. ఆ మాట దుప్పులు ఒప్పుకున్నా టోర్వాల్డ్ ఒప్పుకోడు.

"మరన్నాక వదులుంటుంది, ఆట ఉంటుంది. ఆట ఉన్నచోట గురి ఉండదు. గురిలేని తుపాకి దేనికి? పొయ్యిలో బొగ్గులు ఎగదొయ్యడానికా?" అనేవాడు. వినేవాళ్ళు ఉన్నారా లేరా అన్నది అతనికి అనవసరం.

హౌగన్ వాళ్ళబ్బాయి పెళ్ళిలో పాదిరి గారు, "ఈ పెళ్ళికి ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఇప్పుడే చెప్పండి" అని ఆనవాయితీగా అడిగారు. టోర్వాల్డ్ లేచి నిలబడ్డాడు.

"పెళ్ళికొడుకు ట్రక్కులో రెండుముక్కల రైఫిల్ ఉంది. ఆ పిల్ల శీతాకాలమంతా ఏం తింటుందో అడగండి."

పెళ్ళికూతురు తడుముకోలేదు. "తుపాకి నాది. పెళ్ళికొడుక్కి కాల్చడమే రాదు. కూచో టోర్వాల్డ్!" అంది. టోర్వాల్డ్ కూచున్నాడు గానీ, "మర!" అని మాత్రం అననే అన్నాడు.

ఆ పట్టుదల తుపాకీతో ఆగలేదు. మాట మీద నిలబడే మనిషి కనక గాలం కర్ర కూడా ఒంటిముక్కదే కొన్నాడు. అది ట్రక్కు కిటికీలోంచి బారెడు బయటికి పొడుచుకొచ్చేది. ఒకసారి మలుపు తిరుగుతూ షెరీఫ్ టోపీని గాలానికి తగిలించుకుని పోస్టాఫీసు దాకా పోయాడు. చలికి లోపల తొడుక్కునేది కూడా మెడ నుంచి మడమ దాకా ఒకటే లాగుచొక్కా. దాంతో అవసరాలకి పడే అవస్థ చెప్పుకుంటే సిగ్గుచేటు, అయినా అతనే అందరికీ చెప్పుకునేవాడు.

ఈ గోల అందరికంటే ఎక్కువ భరించింది నెట్టీ డౌడీ. ఆమె మొగుడు క్లెమ్‌కీ టోర్వాల్డ్‌కీ చిన్నప్పటి నుంచీ జోడీ. పశువుల మేతభూములు పక్కపక్కనే. క్లెమ్ చేతిలో ఉన్నది రెండుముక్కల రైఫిలే. వాళ్ళ నాన్న ఇచ్చిపోయింది. ఒకప్పుడు దాంతో క్లెమ్ గురిపెడితే ఆ లోయలో తిరుగులేదు. ఈమధ్య రెండు మూడు వేట కాలాల్నుంచి తప్పుతున్నాడు. తప్పడం ఆలస్యం, పక్కవాడు నోరు తెరిచేలోపలే టోర్వాల్డ్ ఎగిరి గంతేసేవాడు.

"చూశారా! చూశారా! నేను చెప్పలా? మర!"

నెట్టీకి ఒళ్ళు మండిపోయేది. "నువ్వు వెక్కిరిస్తున్నది మా మామగారి తుపాకిని, తెలుసా?" అని మొహం మీదే అడిగింది.

"మీ మామగారు దేవుడు. ఆయన తుపాకి దెయ్యం," అని ఆమె చేసిన హకిల్‌బెర్రీ పళ్ళ తీపి రొట్టెలో ఇంకో ముక్క కోసుకున్నాడు టోర్వాల్డ్.

వేట మొదలవడానికి ముందు ఆదివారం, చర్చి భోజనాల దగ్గర, ఇనప సామాన్ల కొట్టు బాయ్డ్ హాస్కెల్ ఓపిక చచ్చిపోయింది. అతని కొట్టులో రెండుముక్కల రైఫిళ్ళు రెండున్నాయి. టోర్వాల్డ్ పుణ్యమా అని వాటిని ముట్టుకున్న నాథుడు లేడు.

"ఇవాళ తేల్చేద్దాం," అన్నాడు బాయ్డ్ బల్ల మీద చరిచి. "అందరం కంకర గుంటకి పోదాం. ఇసక బస్తా మీద ఆనించి, ఒంటిముక్కదీ రెండుముక్కలదీ వంతులవారీగా కాలుద్దాం. కాల్చేది క్లెమ్. లోయలో అతన్ని మించిన చెయ్యి లేదు. రెండూ సమానంగా కొడితే, టోర్వాల్డ్, జన్మలో మళ్ళీ ఆ మర మాట ఎత్తకూడదు."

అందరూ చప్పట్లు కొట్టారు. నెట్టీ కొట్టలేదు. క్లెమ్ కుడిచెయ్యి బల్ల కిందికి పోవడం ఆమె చూసింది.

ఆ చెయ్యి వణుకుతోందని ఊళ్ళో ఎవరికీ తెలియదు. ఇంట్లో కప్పు సాసర్లో గలగలలాడుతుంటే నెట్టీ లేచి రేడియో పెద్దది చేస్తుంది. క్లెమ్ ఆ సంగతి ఎత్తడు, ఎత్తనివ్వడు. ఇప్పుడు ఊరంతా చూస్తుండగా ఒంటిముక్కదాంతో కూడా తప్పితే, ఇక మరను తిట్టేవాళ్ళుండరు. అయ్యో పాపం అనేవాళ్ళే ఉంటారు. క్లెమ్‌కి అది చావుతో సమానం.

"క్లెమ్ ఎందుకు?" టోర్వాల్డ్ కుర్చీ వెనక్కి పడేలా లేచాడు. "ఊరంతటితో వైరం పెట్టుకున్నది నేను! ఆ దెయ్యంతో కూడా నేనే కాలుస్తా."

"నువ్వు కావాలని తప్పిస్తావు," అన్నాడు బాయ్డ్.

"నేనా? కావాలని తప్పించడమా?" టోర్వాల్డ్ మొహం జేవురించింది. "హెగ్నాల ఇంట్లో పుట్టిన వాడెవడైనా కావాలని గురి తప్పాడని విన్నావా? దమ్ముంటే ఆ మాట ఇంకోసారి అను!"

బాయ్డ్‌కి ఆ దమ్ము లేకపోయింది. టోర్వాల్డ్ తన గురిని ఎంత ముద్దుచేసుకుంటాడో అందరికీ తెలుసు. గొంతు కోసినా తప్పించడు.

కంకర గుంటలో అట్ట మీద నల్లచుక్క పెట్టారు. టోర్వాల్డ్ తన ఒంటిముక్కదాంతో కాల్చాడు. తూటా మీద తూటా, చిల్లులన్నీ ఒక్క పేకముక్క కింద దాగిపోయేంత దగ్గరగా పడ్డాయి. తర్వాత క్లెమ్ రైఫిల్‌ని కూడా తనే అందుకుని, అందరికీ చూపిస్తూ విడదీశాడు, బిగించాడు, ఇసక బస్తా మీద ఆనించాడు.

మొదటిది అట్ట మూలకి తగిలింది. రెండోది అట్టకే తగల్లేదు. మూడోది కంకర్లో దుమ్ము లేపింది. నాలుగోది, అట్ట పక్క గుంజ మీద బాయ్డ్ మర్చిపోయిన కాఫీ ఫ్లాస్కుని ఎగరగొట్టింది.

"నా ఫ్లాస్కు!" అని కేకేశాడు బాయ్డ్.

"మర!" అని అంతకంటే పెద్ద కేక వేశాడు టోర్వాల్డ్. "మీ కళ్ళారా చూశారు! క్లెమ్‌లాంటి మొనగాడికి ఇలాంటిది ఇస్తే ఏం చేస్తాడు పాపం! ఇన్నాళ్ళూ దీంతో నెట్టుకొచ్చాడంటే అది అతని గొప్ప!"

జనం క్లెమ్ చుట్టూ మూగి భుజం తట్టారు. హౌగన్ కోడలు మాత్రం, "నా తుపాకి బంగారంలా కొడుతోంది. నీ కళ్ళే పోయాయి ముసలాడా!" అని అందరిముందూ అనేసింది. ఆ మాటకి టోర్వాల్డ్ దవడ బిగుసుకుంది. అయినా వంగి క్లెమ్ రైఫిల్ విడదీసే పనిలో పడ్డాడు.

నెట్టీ వెళ్ళి ఫ్లాస్కు తీసి చూసింది. మూత నట్టనడుమ, కాంపసు పెట్టి గీసినట్టు, గుండ్రటి చిల్లు. అంత దూరంలో అంత చిన్న మూతని అలా కొట్టాలంటే తుపాకి ఎంత సూటిగా ఉండాలో, కొట్టేవాడి మనసులో బాయ్డ్ మీద ఎంత కచ్చ ఉండాలో ఆమెకి తెలుసు.

ట్రక్కు వెనక అతన్ని నిలదీసింది. "ఏమిటిది టోర్వాల్డ్?"

"ఏముంది, మర."

"మరకి కళ్ళుంటాయా?"

టోర్వాల్డ్ టోపీ తీసి, లోపలేదో పోగొట్టుకున్నట్టు చూశాడు. "క్లెమ్ మొదటిసారి తప్పినరోజే, వాడు గుర్రాలకి నీళ్ళు పెడుతుంటే దాంతో కాల్చి చూశా. జిల్లాలో దాన్ని మించిన రైఫిల్ లేదు నెట్టీ. అప్పుడర్థమైంది, తప్పు తుపాకిది కాదని. ఏదో ఒకటి అరవాలిగా, అరిచా. ఇక అరవడం ఆపితే జనం ఆలోచించడం మొదలుపెడతారు."

"దానికోసం ఆ గాలం కర్రా, ఆ లాగుచొక్కా కూడానా?"

"సగంలో ఆపితే ఎవరు నమ్ముతారు?" అన్నాడు రోషంగా. "ఎవరికైనా చెప్పావో, బైబిలు మీద చెయ్యేసి మరీ కాదంటా."

మర్నాడు క్లెమ్‌ని వేటకి బయల్దేరదీయడానికి టోర్వాల్డ్ వాళ్ళింటికి వచ్చాడు. క్లెమ్ దుప్పి కూత కూస్తే కొండ అవతలి మగదుప్పులు కూడా పరిగెత్తుకొస్తాయి. ఇకనుంచి క్లెమ్ కూత, టోర్వాల్డ్ కాల్పు, మాంసం చెరిసగం అని వచ్చీరాగానే ఏర్పాటు ప్రకటించాడు.

క్లెమ్ బూట్ల తాడు బిగిస్తూ తలెత్తాడు. "అలాగే కానీ, రాత్రంతా ఆలోచించానురా. నువ్వన్నదే నిజం. ఈ దరిద్రాన్ని అమ్మేసి, దార్లో బాయ్డ్ కొట్లో ఒంటిముక్కది కొనేద్దాం. దాంతో నేనే కాలుస్తా."

టోర్వాల్డ్ చేతిలోని కాఫీ కప్పు బల్ల మీద పెట్టేశాడు. "ఒంటి... నువ్వా? ఎందుకురా ఇప్పుడు?"

"నువ్వే కదరా చెప్పావు, మరలో ఆట ఉందని."

"ఉంది. ఉందనుకో. మరీ... అంతేం లేదులే. మీ నాన్న తుపాకి కదరా, అమ్ముకుంటారా ఎవరైనా?"

"గురి లేనిది ఎవరిదైతేనేం?"

టోర్వాల్డ్ దిక్కులు చూశాడు. నెట్టీ నవ్వాపుకోలేక పొయ్యి వైపు తిరిగిపోయింది. క్లెమ్ కళ్ళు ఎప్పట్నుంచి ఇలా మెరుస్తున్నాయో, ఈయనకి ఎంతకాలంగా అంతా తెలుసో ఆమెకి అంతు చిక్కలేదు.

"అసలు ఆ రైఫిలు," అన్నాడు టోర్వాల్డ్ చివరికి, పన్ను పీకించుకుంటున్న మనిషిలా, "అంత... చెడ్డదేం... కాదు."

"గట్టిగా చెప్పరా," అన్నాడు క్లెమ్ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని. ఆ చెయ్యి వణుకుతూనే ఉంది, దాన్ని దాచుకోలేదు. "సరిగ్గా వినపళ్ళా."