అక్క కోసం కట్టించిన బండిలో అమలాపురం నుంచి అంతర్వేదికి

మా అక్క అమలాపురం దాటి ఆరేళ్ళయింది. నడవలేక కాదు, డబ్బుల్లేక అంతకన్నా కాదు. ఒక ఆపరేషన్ తరవాత ఆవిడకి అరగంటకోసారి బాత్రూమ్‌కి వెళ్ళాల్సి వస్తోంది. బస్సెక్కితే ఆపమని ఎవరిని అడుగుతుంది? పెళ్ళికి వెళితే ముక్కూమొహం తెలియని వాళ్ళింట్లో ఎన్నిసార్లు దారి అడుగుతుంది? అందుకే "నాకు ప్రయాణాలు పడవు" అనే ఒక్క మాట పట్టుకుని ఇంట్లో కూర్చుంది. అసలు కారణం బావగారికీ నాకూ తప్ప ఎవరికీ తెలియదు, తెలియనివ్వదు కూడా. వచ్చే నెల అందరం కలిసి అరకు వెళ్దామని నేను పట్టుబడితే, "ముందు అంతర్వేది దాకా వెళ్ళి రానియ్యవే. ఆ పాటి చెయ్యగలిగితే అరకు సంగతి అప్పుడు చూద్దాం" అంది. ఈ ప్రయాణం అలా మొదలైంది. ఇల్లులాంటి బండిలో తిరగాలని ఆశపడేవాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నాను.

బండి సంగతి ముందు చెప్పాలి. మా బావగారు కువైట్‌లో ఒక కుటుంబానికి చాలా ఏళ్ళు డ్రైవరుగా పనిచేశారు. చలికాలం రాగానే ఆ ఇంటిల్లిపాదీ ఎడారిలోకి వెళ్ళి వారాల తరబడి ఉండేవారట. మంచాలున్న బండి, వంటగది ఉన్న బండి, అన్నీ ఆయన చేతిమీద నడిచినవే. తిరిగొచ్చాక ఒక పాత మినీబస్సు కొని, కొత్తపేటలో ఒక షెడ్డులో పెట్టి, నాలుగు నెలలు దానిచుట్టూ ప్రదక్షిణాలు చేశారు. రెండు మంచాలు, గ్యాసుపొయ్యి, నీళ్ళ ట్యాంకు, బాత్రూమ్. షెడ్డు మేస్త్రి బాత్రూమ్ ఎక్కడ పెట్టాలని అడిగితే, వాస్తు ప్రకారం వాయవ్యంలో పెట్టమన్నారట. బండి అప్పుడు తూర్పుముఖంగా నిలబడి ఉంది కాబట్టి వెనక ఎడమ మూల ఖాయమైంది. మనుషులు ఎక్కే తలుపు కూడా అక్కడే ఉందన్న సంగతి ఇద్దరికీ తట్టలేదు.

పొద్దున్న ఆరున్నరకి బయలుదేరాం. బోడసకుర్రు దగ్గర వంతెన ఎక్కి పాసర్లపూడిలో దిగి, మామిడికుదురు, తాటిపాక, మలికిపురం మీదుగా అంతర్వేది. అరవై కిలోమీటర్లకి కాస్త అటూ ఇటూ. ఈ వంతెన లేనప్పుడు పంటు మీద బండి ఎక్కించుకుని గోదావరి దాటేవాళ్ళం, దానికోసం రేవులో పడిగాపులు పడేవాళ్ళం. ఇప్పుడు అయిదు నిమిషాల పని. రోడ్డు పడమటికి తిరగగానే నేను ఊరుకోలేక, "బావగారూ, ఇప్పుడు మీ బాత్రూమ్ ఆగ్నేయంలోకి వచ్చేసిందండీ, అక్కడ వంట చేసుకోవాలేమో" అన్నాను. ఆయన అద్దంలోంచి నావైపు ఓ చూపు చూశారు. అక్క మాత్రం చాలా రోజులకి పగలబడి నవ్వింది.

బండ్లలో రకాల గురించి అడిగితే బావగారికి ఆకలి కూడా వెయ్యదు. మామిడికుదురు దాటాక కాలవ గట్టు పక్కన ఎదురొచ్చిన కొబ్బరికాయల లారీకి దారిస్తూ మొదలుపెట్టారు. "చూసేవా మరదలా, ఇదే కారు వెనకాల తగిలించుకుని లాక్కెళ్ళే రకం అయితేనా, ఈపాటికి కాలవలో ఉందుం. అది పెద్దపెద్ద రోడ్లున్న దేశాలకి బాగుంటది. ఊరికి పోయేక ఇల్లు విప్పి పక్కన పెట్టేసి, కారేసుకుని తిరగొచ్చు. మన రోడ్లమీద దాన్ని వెనక్కి తియ్యడం నావల్ల కాదు." ఆయన లెక్కలో అన్నిటికన్నా చిన్నది మామూలు వ్యాను. వెనక సీట్లు మడిస్తే మంచం అవుతుంది, ఏ సందులోనైనా దూరుతుంది, కాని లోపల వంగే ఉండాలి, బాత్రూమ్ ఉండదు. దానికన్నా పైది టాపు ఎత్తు చేసిన వ్యాను. నిలబడి వంట చేసుకోవచ్చు, బాత్రూమ్ కావాలంటే పెట్టెలాంటిది ఒకటి మంచం కింద పెట్టుకోవాలి. మాది చివరి రకం, బస్సు ఛాసీ మీద కట్టింది. అన్నీ ఉంటాయి. డీజిలు తాగుతుంది, కొబ్బరిమట్టలు టాపుకి రాసుకుంటాయి, చిన్న వంతెనలు కనబడితే దిగి చూసుకోవాలి. రానూపోనూ మాకు డీజిలుకి పదిహేను వందల దాకా అయింది. ఇద్దరే అయి, ఆరోగ్యంగా ఉంటే చిన్న వ్యానే హాయి.

ఎనిమిది కావస్తుండగా తాటిపాక సెంటర్లో ఆగాం. అక్క బాత్రూమ్‌లోకి వెళ్ళింది. బావగారూ నేనూ పెసరట్లు కట్టించుకోవడానికి హోటల్లోకి వెళ్ళాం. తిరిగొచ్చేసరికి బండి చుట్టూ జనం. మా ప్రాంతానికి తరచూ సినిమా షూటింగుల వాళ్ళు వస్తారు. తారలు విశ్రాంతి తీసుకునే బండి కూడా ఇలాగే తెల్లగా, కర్టెన్లతో ఉంటుంది.

"లోపలెవరండీ, హీరోయినేనా?" అన్నాడు సైకిలు పట్టుకున్న ఒకాయన.

"హీరోయిను కాదండీ బాబూ, మా ఆవిడండీ" అన్నారు బావగారు.

"ఆయ్, చెప్పొద్దని చెప్పుంటార్లెండి" అని ఆయన ఇంకాస్త ముందుకు జరిగాడు.

నేను డ్రైవరు వైపు నుంచి లోపలికెక్కి బాత్రూమ్ తలుపు కొట్టాను. అక్క గడియ తీసి బయటికి వస్తే ఎదురుగా మెట్టు, బండి తలుపు వెయ్యనియ్యకుండా మెట్టు దగ్గర జనం. అక్క లోపల్నుంచే, "పంపించెయ్యవే వాళ్ళని" అంది. వెళ్ళడం లేదన్నాను. "అయితే బండి తియ్యమను. ఇంటికి తిప్పెయ్యమను. అంతర్వేదీ వద్దు, అరకూ వద్దు, నన్నింక ఏదీ అడక్కండి." నాకు ఏడుపొచ్చినంత పనైంది. బండి ముందు కూడా జనమే, కదిలించే వీలు లేదు.

ఇంతలో బావగారికి ఓపిక నశించింది. "ఏవండీ, లోపలున్నది బాత్రూమండీ! ఒంట్లో బాలేని మనిషి అందులో ఉంది. ఆవిడ కోసమే కట్టించేను ఈ బండి. కాస్త జరగండి, దణ్ణం పెడతాను!" అని అరిచారు. ఆరేళ్ళు దాచుకున్న సంగతి తాటిపాక సెంటర్లో బద్దలైపోయింది. బయట మగవాళ్ళు మొహమొహాలు చూసుకుని ఒక్కొక్కరే తప్పుకున్నారు.

ఒక పెద్దావిడ మాత్రం వెళ్ళలేదు. తెల్లచీర, చంకన గొడుగు. మెట్టు దగ్గరికొచ్చి నాతో మెల్లగా, "బాత్రూమ్ ఉందన్నారు, నిజవేనా అండీ?" అంది. అవునన్నాను. "నా పేరు రూతమ్మండీ, టీచరుగా చేసి రిటైరయ్యేను. నాకూ అదే ఇబ్బందమ్మా. చర్చిలో తలుపు పక్క బెంచీలోనే కూర్చుంటాను, పాట అవకుండానే లేచొచ్చేస్తాను. అమ్మాయి కాకినాడలో ఉంటాది. మనవరాలు పుట్టినప్పుడు కూడా వెళ్ళలేకపోయేను. బండిలో ఇలాటిది పెట్టుకోవచ్చని నాకు తెలీదు. ఓసారి చూడొచ్చాండీ?"

గడియ చప్పుడైంది. అక్క బయటికొచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. పమిటచెంగుతో మొహం తుడుచుకుని, "రండమ్మా, నేను చూపిస్తాను" అని చెయ్యి అందించింది. నీళ్ళు వదిలే మీట ఎక్కడుందో, బండి కుదిపితే దేన్ని పట్టుకోవాలో, అన్నీ చెప్పింది. "మోకాళ్ళు తలుపుకి తగులుతాయండీ, కాస్త పక్కకి తిరిగి కూర్చోవాలి. మా ఆయన తన కొలత పెట్టి కట్టించేరు" అంది. ఇద్దరూ కూర్చుని చూశారు. పెసరట్లు చల్లారిపోయాయి. అవే నలుగురం పంచుకుని తిన్నాం.

అంతర్వేది చేరేసరికి పదిన్నర. దర్శనం చేసుకుని, మధ్యాహ్నం బండిలోనే పప్పూ అన్నం వండుకుని, ఎండ తగ్గాక సముద్రం దగ్గరికి వెళ్ళాం. అక్క ఇసకలో చాలాదూరం నడిచింది. మధ్యలో కొబ్బరిబోండాలు కొడుతున్న అతని ముందే, "నేను ఓసారి బండి దాకా వెళ్ళొస్తానే, అర్జెంటు" అని గట్టిగా చెప్పి వెళ్ళింది. ఆ మాట ఆవిడ నోట పైకి వినడం నాకదే మొదటిసారి. తిరుగుదారిలో చీకటి పడుతుండగా అరకు సంగతేమిటని అడిగాను. "వెళ్ళేది కాకినాడ మీదుగానే కదే?" అంది. బావగారు తాటిపాక సెంటర్లో బండి ఆపి రూతమ్మగారి ఇల్లెక్కడని అడిగారు.

ఏ రకం బండి మంచిదని ఇప్పుడు నన్నెవరైనా అడిగితే, ఎవరి కోసం అని తిరిగి అడుగుతున్నాను. మనుషులు ఇల్లు కదలకపోవడానికి ఒక్కోసారి పైకి చెప్పుకోలేని చిన్న కారణమే ఉంటుంది, దానికి సరిపడే బండి దొరికితే చాలు. ఇంకో ముఖ్యమైన సంగతి. కొనేముందు, కట్టించేముందు, అవసరమున్న మనిషినే ఆ బాత్రూమ్‌లో కూర్చోబెట్టి తలుపు వేయించి చూడండి, మురుగు ట్యాంకు ఎక్కడ ఖాళీ చెయ్యాలో కూడా అప్పుడే తేల్చుకోండి. మా బావగారు బాత్రూమ్ తలుపు మార్పించడానికి మొన్న మళ్ళీ కొత్తపేట షెడ్డుకి వెళ్ళారు. ఈసారి వాస్తు చూడలేదు. కొలతకి అక్కనీ రూతమ్మగారినీ వెంటబెట్టుకుని వెళ్ళారు.