డిస్కు వెనకవైపు

"వెనకవైపు చూశావా?" అని అడిగారాయన.

"చూశానండి," అన్నాను.

"అయితే ఇంక వెళ్ళు. ఆలస్యమైతే నీ బండి పోద్ది."

యేసుపాదం గారూ నేనూ చివరిసారి మాట్లాడుకున్న మాటలు ఇవే. బండి అంటే భీమడోలు వెళ్ళే సాయంత్రం రైలు. మర్నాడు నేను ఏలూరులో దిగి ఆయన బ్రేకుల షెడ్డుకి వెళ్ళేసరికి ఆయన లేరు. నిద్రలోనే పోయారట. పోయే మనిషని తెలిస్తే ఇంకో మాట మాట్లాడేదాన్నేమో. తెలియలేదు. అందుకని బ్రేకుల మాటే ఆఖరి మాటయింది.

ఇవాళ ఆయన గుర్తుకొచ్చింది ఎదురింటి వాళ్ళ కారు వల్ల. రాత్రంతా వాన. పొద్దున్న నేను గుమ్మంలో కూర్చుని టీ తాగుతుంటే ఆ కారు బయటికి తీశారు. బ్రేకు వెయ్యగానే గర్రుమని, కొబ్బరి కోరుతున్నట్టు చప్పుడు. మలుపు దగ్గర మళ్ళీ వేశారు, చప్పుడు తగ్గింది. ఆ తర్వాత లేదు. నేను చెవి అటే పడేసి కూర్చున్నాను. మా తమ్ముడి కూతురు సుజాత చూసి, "ఏంటత్తా, కారు వెళ్ళిపోయినా వింటున్నావు?" అంది. "తుప్పు రాలిందే," అన్నాను. ఏం తుప్పు, ఎక్కడి తుప్పు అని అది అడగడం, నేను చెప్పడం మొదలెట్టడం. నాకు అంకెలు వచ్చు, బస్సు బోర్డు కూడబలుక్కోగలను. అంతకు మించి రాదు. అందుకని నేను చెబుతున్నాను, అది రాస్తోంది.

యేసుపాదం గారిది ఏలూరులో, కొల్లేటి వైపు వెళ్ళే రోడ్డు మీద రేకుల షెడ్డు. ఇంజను జోలికి వెళ్ళేవారు కాదు, ఒక్క బ్రేకుల పనే చేసేవారు. మా ఆయన అద్దె కారు తోలేవాడు. బ్రేకు పని పడితే ఆయన దగ్గరికే తీసుకెళ్ళేవాడు. మా ఆయన జ్వరంతో పోయాక యేసుపాదం గారు మా ఇంటికొచ్చారు. లోపలికి రాలేదు. ఓదార్పు మాట ఒక్కటీ చెప్పలేదు. గుమ్మం బయట నిలబడి, "గిన్నెలు తోమే చేతులే కదమ్మా, పార్టులు కడగడానికి రాగలవా?" అన్నారు. మర్నాడు పొద్దున్న రైలెక్కాను.

చక్రం ఊడదీస్తే లోపల ఏముంటుందో అప్పటిదాకా నాకు తెలియదు. అట్లపెనమంత ఇనప పళ్ళెం ఉంటుంది. దాన్నే డిస్కు అంటారు. బ్రేకు తొక్కితే ప్యాడ్లని రెండు మందపాటి బిళ్ళలు అటొకటి ఇటొకటి వచ్చి, పేనుని రెండు గోళ్ళ మధ్య నొక్కినట్టు ఆ పళ్ళేన్ని నొక్కి పడతాయి. అంత కారూ, అందులో ఉన్న మనుషులూ ఆ పట్టు మీదే ఆగుతారు. మా ఆయన అన్నేళ్ళు కారు తోలాడు, నేను ఎక్కి తిరిగాను, ఆ సంగతి ఒక్కసారీ నా బుర్రకి తట్టలేదు. తెలిశాక ఏ కారు కనిపించినా చక్రం సందుల్లోంచి లోపలికి తొంగిచూడడం అలవాటైంది. ఓసారి బస్టాండు బయట అలా వంగి చూస్తుంటే, నేనేదో పారేసుకున్నాననుకుని ఒక పెద్దాయన కూడా వంగి వెతికారు.

నేనేది అడిగినా యేసుపాదం గారు జవాబు చెప్పేవారు కాదు. "వేలు పెట్టు. ఏం చెబుతోంది?" అనేవారు.

"అంచున గట్టులా తగులుతోందండి."

"గోరు దాటుతోందా, ఆగుతోందా?"

"ఆగుతోందండి."

"ఆగితే డిస్కు అరిగిందన్నమాట. దాటితే ఇంకొన్నాళ్ళు వస్తది."

వాన పడ్డ మర్నాడు డిస్కు ఎర్రగా ఉంటే నేను కంగారు పడేదాన్ని. ఆయన నవ్వేవారు. "ఇది పైపై తుప్పు. నాలుగు బ్రేకులు వేస్తే రాలిపోద్ది. నెలల తరబడి కదలకుండా ఉన్న కారుకి గుంటలు పడతాయి చూడు, దాన్ని చూసి భయపడు." అన్నీ అలాగే, నా వేలు ముందు పెట్టించి, తర్వాత రెండు ముక్కలు చెప్పేవారు. ఇంత ఓపిగ్గా నేర్పేవాళ్ళు ఉంటారా అనుకునేదాన్ని.

కలిదిండి వైపు చేపల చెరువులు చేసే సూరిబాబు గారని ఒకాయన ఉండేవారు. ఆయన కారు చెరువు గట్టు మీద ఎండకీ తేమకీ అలా పడి ఉండేది. ఒక రోజు నెమ్మదిగా తోలుకుంటూ వచ్చి దిగారు. "బ్రేకు తొక్కితే ఆగట్లేదండి మేస్త్రి గారూ, పడవలాగ జారిపోతోంది. రేపు పొద్దున్నే పిల్లలందరినీ ఎక్కించుకుని ద్వారకా తిరుమల వెళ్ళాలి. మొక్కుంది," అన్నారు. పక్క సీట్లోంచి వాళ్ళమ్మ గారు, మంగతాయారు గారు దిగారు.

ముందు చక్రాలు తీశాం. డిస్కులు నిగనిగలాడుతున్నాయి. వేలు పెడితే జర్రున జారింది. వాసన చూశాను. "నూనెండి ఇది," అన్నాను.

"నేనే రాశాను," అన్నారు మంగతాయారు గారు. "ఎర్రగా తుప్పు కనపడుతుంటే ఎలా ఊరుకుంటాం? చెరువులో గాలి మిషన్లకి రాయట్లేదా? మోటార్లకి రాయట్లేదా? ఇనుమన్నాక నూనె రాయాలండి."

"అమ్మా, అందరినీ కొండ మీంచి దొర్లించేసేదానివి కదే," అన్నారు సూరిబాబు గారు.

"నువ్వు తుడవ్వు, కడగవు. తుడిచినదాన్ని మాత్రం అంటావు."

నవ్వుకున్నాం గానీ, ఆవిడన్నది ఆ చెరువుల వాళ్ళకి న్యాయమైన మాటే. నీళ్ళు చిలికి చేపలకి గాలి అందించే తెడ్ల మిషన్లకి నూనె గుడ్డ ఒక్క పూట తగలకపోతే తుప్పు తినేస్తుంది. బ్రేకు ఒక్కటే నూనె తగలకూడని ఇనుమని ఆవిడకి ఎవరు చెప్పారు?

నూనె పీల్చిన ప్యాడ్లు పారేసి కొత్తవి వేద్దామన్నారు యేసుపాదం గారు. డిస్కు వెనకవైపు ఒక రేకు అడ్డం ఉంటుంది, అందుకని ఆ వైపు కంటికి ఆనదు, వేలితోనే చూడాలి. ఆయన చెయ్యి వెనక్కి పోనిచ్చి, కళ్ళు మూసుకుని, మెల్లగా తిప్పి చూశారు. "వెనక బాగుంది. డిస్కు కడిగి ఇచ్చేద్దాం," అన్నారు.

కడగడం నా పని. గుడ్డ వెనక్కి పోనిచ్చి తుడుస్తుంటే వేలు ఆగిపోయింది. ముందువైపు పలకలా ఉన్న డిస్కు వెనకవైపు దున్నిన చేనులా ఉంది. చాళ్ళు, చాళ్ళ మధ్య గుంటలు, అంచున గోరు ఆగిపోయే గట్టు. ప్యాడ్లని కదలనిచ్చే పిన్నులు తుప్పుతో బిగుసుకుపోతే బయటి ప్యాడు ఊరికే కూర్చుంటుంది, లోపలిదే అంతా మోస్తుంది. అది నాకు ఆయన నేర్పిందే. మరి ఆయన చేతికి ఎందుకు తగల్లేదు? ముందు నా చేతినే అనుమానించాను. చీరకి తుడుచుకుని మళ్ళీ పెట్టాను. మళ్ళీ ఆగింది.

ఆయన వెళ్ళి సూరిబాబు గారితో కబుర్లు చెబుతున్నారు. పైకి అంటే, ఇంతకాలం చేతితో చూసి చెప్పిన మనిషి మాట ఖాతాదారు ముందు కొట్టేసినట్టవుతుంది. అనకపోతే, పిల్లలతో కొండ ఎక్కాక దిగాలి కదా.

"మేస్త్రి గారండీ, వెనకవైపు నాకు గోరు ఆగుతోందండి," అన్నాను.

ఆయన వచ్చి చెయ్యి పెట్టారు. "ఎక్కడ?"

నేను ఆయన వేలు పట్టుకుని గట్టు మీద పెట్టాను. "ఇక్కడండి."

నా వేలి కింద ఆయన వేలు, దాని కింద గట్టు. ఆయన వేలి మీంచి కూడా నాకు తెలుస్తోంది. ఆయన ముఖంలో ఏమీ కదల్లేదు. ఇంకాస్త నొక్కాను. కదల్లేదు. అప్పుడు అర్థమైంది నాకు. ఎన్నాళ్ళ నుంచి "వేలు పెట్టు, ఏం చెబుతోంది" అంటున్నారో, అదంతా ఒక్కసారి కళ్ళ ముందుకొచ్చింది.

ఆయన చెయ్యి బయటికి తీసి, గుడ్డతో తుడుచుకుని నిలబడ్డారు. "నా వేళ్ళకి తెలియట్లేదండి సూరిబాబు గారూ. షుగరు. చాన్నాళ్ళయింది. ఈ అమ్మాయి చేత్తో చూస్తున్నాను. మీ కారు మటుకు నా చేత్తో చూశాననిపించుకుందామనుకున్నాను. తప్పు చెప్పాను. డిస్కులు మార్చాలి," అన్నారు.

మంగతాయారు గారు అన్నారు: "మా ఆయనకీ అంతేనండి. కాలికి ముల్లు గుచ్చుకుంటే నేను చూసి చెప్పేదాన్ని. ఏవమ్మాయ్, నా వేలు కూడా పెట్టించు, చూద్దాం." పెట్టించాను. "మరే, నాగలి తోలినట్టుంది," అన్నారావిడ.

తాడేపల్లిగూడెం నుంచి కొత్త డిస్కులు మధ్యాహ్నం బస్సులో వచ్చాయి. ఒక పక్కే మారిస్తే కారు ఓ వైపుకి లాగుతుంది, అందుకని రెండూ తెప్పించారు. కాగితం విప్పగానే మంగతాయారు గారు వేలు ఆనించి చూసి, "దీనికీ నూనె ఉంది. వాళ్ళు రాస్తే ఒప్పు, నేను రాస్తే తప్పా?" అన్నారు.

"షాపులో ఉన్నంతవరకే అండి," అన్నారు యేసుపాదం గారు. "కారుకి వేసే ముందు కడిగెయ్యాలి."

ఆయన స్టూలు మీద కూర్చుని చెప్పారు, నేను చేశాను. డిస్కు కూర్చునే చోట తుప్పంతా తీగ బ్రష్షుతో గీకాను. అక్కడ రవ్వంత పొక్కు మిగిలినా డిస్కు వంకరగా తిరుగుతుంది. పిన్నులు ఊడదీసి శుభ్రం చేశాను. కొత్త డిస్కులకీ ప్యాడ్లకీ పొత్తు కుదిరేదాకా మెల్లగా తోలుతూ, బ్రేకు వేస్తూ వదులుతూ ఉండమని సూరిబాబు గారిని ఖాళీ రోడ్డు మీదికి పంపారు. మర్నాడు సాయంత్రం వాళ్ళు కొండ దిగి తిన్నగా షెడ్డుకే వచ్చారు. కారు నిండా పిల్లలు, అందరూ నిద్రపోతున్నారు. మంగతాయారు గారు అద్దం దించి, "నూనె రాయలేదమ్మా," అన్నారు.

వాళ్ళు వెళ్ళాక ఉండబట్టలేక అడిగేశాను. "ఇన్నాళ్ళూ నా వేలు పెట్టించింది నాకు నేర్పడానికా అండి, మీకు తెలియకా?"

"మొదట్లో నేర్పడానికేనమ్మా. ఎప్పుడు మారిపోయిందో నాకూ తెలియదు," అన్నారాయన.

నిజమే చెప్పారనుకుంటాను. ఆ రోజు నుంచి షెడ్డులో ఒక పద్ధతి పెట్టారు. చక్రం బిగించే ముందు కారు సొంతదారు వచ్చి డిస్కుకి రెండు వైపులా తన వేలు పెట్టి చూసుకోవాలి. కొందరికి చేతులు మురికవుతాయని చిరాకు. మేస్త్రికి చూపు ఆనడం లేదని, చెయ్యి పడిపోయిందని ఎవరికి తోచింది వాళ్ళు చెప్పుకున్నారు. కొన్ని కార్లు రావడం మానేశాయి. ఆయన పట్టించుకున్నట్టు కనపడలేదు. ఎవరొచ్చినా కారు దిగేలోపే, "నాకు వేళ్ళు తెలియవండి, ఈవిడ చూస్తుంది," అని చెప్పేసేవారు. అలా అన్న ప్రతిసారీ ఆయన ఓ బరువు దింపుకున్నట్టు కుర్చీలో వెనక్కి వాలేవారు.

బ్రేకుల పని నాకు బతుకుతెరువైంది. మోకాళ్ళు వంగినంతకాలం చేశాను. ఆయన దగ్గర నేర్చుకున్నదాంట్లో ఇప్పటికీ వాడుకుంటున్నది మాత్రం ఆ ఒక్క మాటే. తెలియకపోతే తెలియట్లేదని పైకి అనేస్తాను. ఆసుపత్రిలో అంటాను, బ్యాంకులో అంటాను, చర్చికి ఏ దారని అడిగిన మనిషితోనూ అంటాను. అన్నాక ఎవరో ఒకరు చెయ్యి ముందుకి చాపుతారు. ఎందుకలా చాపుతారో నాకు ఇప్పటికీ వింతే.

ఇంక చాలే సుజాతా. మొదట్నించీ ఓసారి చదివి వినిపించు. ఆయన వేళ్ళకి తెలియలేదన్న చోట నెమ్మదిగా చదువు. ఆయన్ని తక్కువ చేసినట్టు నా చెవికి వినిపిస్తే మాట మారుద్దాం. జరిగింది మాత్రం అలాగే ఉండనీ.