చిత్తు

దర్శకుడి దినాలైన మర్నాడు అతని భార్య ఫోన్ చేసింది. "సారూ, జల్దీ రా. మా మరిది కాగితాలన్నీ రద్దీ ఆటోల ఏస్తుండు."

వాళ్ళ ఇల్లు నారాయణఖేడ్ బస్ డిపో వెనక. నేను రిటైరైన తెలుగు మాస్టారిని, పరుగు నా సిలబస్‌లో లేదు. అయినా పరుగెత్తాను, పాత కాగితాల తూకానికి పోయింది తిరిగి రాదు. ఆ కాగితాల్లో నా నవల ఉంది. చేతిరాత ప్రతి, అదొక్కటే. జిరాక్స్ తీయించుకోలేదు, నా నవలను ఎవరూ ఎత్తుకుపోరని నాకు గట్టి నమ్మకం.

రెండు సినిమాలు తీసినవాడు మూడోది నా నవలే తీస్తానని పన్నెండేళ్ళు స్క్రిప్టు రాశాడు. "సారూ, నీ నవలల అందరు మాటల్తోనే కొట్టుకుంటున్రు. ఒక్కనికన్న రక్తం కారాలె గదా" అనేవాడు. కంది చేలో గొర్రెలు పడ్డందుకు జరిగిన తగాదా నా కథ. అతను దాన్ని హత్య చేశాడు. అతని స్క్రిప్టులో చేను యజమాని గొడ్డలి కామతో కాపరి కాళ్ళు విరగ్గొడతాడు. పడిపోయాక తల మీద కొడతాడు. అరుపు ఆగిపోయాక కూడా కొడతాడు.

"ఇంత ఎట్ల ఊహించినవ్?" అన్నాను.

"ఊహించలే సారూ, చూసిన. కొట్టింది మా బాపు. కాపరే గట్టు మీదికెళ్ళి పడి సచ్చిండని పోలీసులతోని రాయించిన్రు."

నేను వెళ్ళేసరికి దర్శకుడి తమ్ముడు కట్టలు మోస్తున్నాడు. ప్రతి కట్ట మీదా ఎర్ర సిరాతో దర్శకుడి రాత: చిత్తు.

"ఆయనే రాసిండు గద సారూ, చిత్తని. రద్దీల ఏస్తున్న."

"చిత్తంటే రద్దీ గాదు తమ్మీ. ఇంక సాఫు రాయనిది" అని, పాఠం సగంలో ఆపి, నా నవలా అతని స్క్రిప్టూ కలిపి కట్టిన కట్ట పట్టుకున్నాను.

"ఎరికే. చదివిన. అండ్ల మా బాపున్నడు."

మొదటి దెబ్బకు కళ్ళద్దాలు పగిలాయి. రెండో దెబ్బకు పెదవి చీలింది. కింద పడ్డాక పక్కలో తన్నాడు. కట్ట వదల్లేదు. ధైర్యం కాదు, పురికొస వేలికి చుట్టుకుంది. చిత్తు కోసం వెళ్ళి చిత్తు చిత్తయ్యాను. అతను తలుపు వెనక కర్ర తీసి పైకెత్తాడు. అచ్చం స్క్రిప్టులో లాగే, రెండు చేతులతో.

అతని వదిన అడ్డం వచ్చింది. "కొట్టు. మీ బాపు లెక్కనే కొట్టు. మీ అన్న గిట్లనే రాసిండు."

కొట్టాడు. ఆమె ముంజేయి విరిగిన చప్పుడు నాకు వినబడింది. అతనికీ వినబడ్డట్టుంది, కర్ర జారిపోయింది. రద్దీ ఆటోవాడు కట్టలు దించి పారిపోయాడు.

అతనే మమ్మల్ని వేరే ఆటోలో దవాఖానకు తెచ్చాడు. కట్ట నా చంకలోనే ఉంది. మొదటి పేజీ అంతా ఎరుపు. నవలలో రక్తం లేదన్న లోటు తీరింది, నాదే అనుకోండి.

"ఎట్ల విరిగిందమ్మా?" డాక్టరు చీటీ మీద పెన్ను పెట్టాడు.

మరిది గోడకు ఒరిగి కాళ్ళకేసి చూస్తున్నాడు. "పడ్డది సార్" అన్నాడు మెల్లగా. నాకూ నోట్లో అదే మాట సిద్ధంగా ఉంది. ఊళ్ళో అందరం ఒకరి మొహాలొకరు చూసుకుంటూ బతకాలి కదా.

"పడలే" అంది ఆమె. "మా మరిది కర్రతోని కొట్టిండు. రాయి సారూ."

డాక్టరుతో అందో, నాతో అందో.